వాసన లేని విల్లు

టికిరి సంతకి వెళ్ళే బండిబాట పక్కన కన్నయ్య పాక ఉండేది. కాడిమాను విరిగినా, నాగలి పట్టు వదిలినా, బండిచక్రం ఆకు ఊడినా చుట్టుపక్కల ఊళ్ళ రైతులు అక్కడికే మోసుకొచ్చేవారు. మనిషి మంచివాడు. ఒకరి సొమ్ము ఆశించినవాడు కాదు, ఒకరి మీద నోరు పారేసుకున్నవాడు కాదు. కానీ సిగ్గు ఒకటి పుట్టుకతో తెచ్చుకున్నాడు. గట్టిగా నవ్వితే ఎవరేమనుకుంటారో, కొత్త పంచె కడితే ఎవరేమనుకుంటారో. ఊళ్ళో జనమంతా పనీపాటా మానేసి ఇతగాడి గురించే అనుకుంటున్నట్టు! ఎవరి గొడవ వాళ్ళకే తెల్లారడం లేదయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కించుకునేవాడు కాదు. ఆ సిగ్గు అతని చేత ఎంత పని చేయించిందో వినండి.

వాళ్ళది గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. తాతలనాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వంశధార ఒడ్డున భూమి చేసుకున్నారు. పంతొమ్మిదివందల ముప్ఫై ఆరులో, కోరాపుట్టు జిల్లా ఒరిస్సాలో కలిసిన ఏడాది, ఏటి నీళ్ళొచ్చి కన్నయ్య వాటా పొలంలో ఇసక మేట వేసి పోయాయి. కొత్తగా కాపురానికొచ్చిన పెళ్ళాం పుణ్యవతిని వెంటబెట్టుకుని, బాడిసె, ఉలి, రంపం మూటగట్టుకుని కొండెక్కి టికిరి చేరాడు. వడ్రంగం అతని కులవృత్తి కాదు. చేతికి వచ్చిన పని, అంతే.

అక్కడ సుక్రు పరిచయమయ్యాడు. సంతకి అవతల గుట్ట కింద ఊరు అతనిది, జోడియా పరజా తెగవాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. ఒకసారి కన్నయ్యకి మలేరియా జ్వరం వచ్చి తెలివి తప్పి పడి ఉంటే, సుక్రు మంచంతో సహా మోసుకుపోయి తన ఇంట్లో పెట్టుకుని మందూ మాకూ చూశాడు. లేచి తిరిగాక ఇద్దరూ ఆ ఊరి పెద్దల ముందు ఒకరి నోట్లో ఒకరు అటుకులూ బెల్లం పెట్టుకుని మీత కట్టుకున్నారు. ఆ దేశంలో మీత అంటే అన్నదమ్ముల కంటే ఎక్కువ. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. ఒకరితో ఒకరు అబద్ధమాడకూడదు.

విల్లు చెయ్యడం కన్నయ్యకి నేర్పింది సుక్రు తండ్రి. ఆ కొండల్లో అందరూ వాడేది వెదురు విల్లే. ఈ ముసలాయన చేసేది వేరు. జాన చెట్టు కర్ర చెక్కి, దాని వీపున కణుజు దుప్పి కాలి నరం అతికేవాడు. ఎండిన నరాన్ని రాతి మీద దంచితే పీచులుగా విడిపోతుంది. ఆ పీచుని తోలు ఉడికించిన జిగురులో ముంచి పోగు పక్కన పోగు పేర్చాలి. ఆరేసరికి కర్రా నరమూ ఒకటైపోతాయి. విల్లు చూడ్డానికి పొట్టిగా ఉంటుంది గానీ బాణం మాత్రం దూసుకుపోతుంది. చిక్కల్లా ఒకటే. ఆ జిగురుకి తడి తగిలిందా, మళ్ళీ కరిగి ఊరుకుంటుంది. కాబట్టి పైన పూత కావాలి.

ఆ పూత అడవిపంది కొవ్వూ తేనెమైనమూ కలిపి కరిగించింది. విల్లుని ఎండలో పెట్టి, వేడెక్కాక అరచేత్తో రుద్దాలి. ఇంకించాలి, మళ్ళీ రుద్దాలి. "విల్లుతో పాటు పూతా వంగాల. వంగనిదేదీ దీనికి పుయ్యకు" అని ముసలాయన పనిలో కూర్చున్నప్పుడల్లా అనేవాడు. అనీ అనీ ఒకరోజు పోయాడు. కొడుక్కి ఆ పని అబ్బలేదు, ఆ తరవాత ఆ విల్లు చెయ్యడం వచ్చినవాడు ఆ చుట్టుపక్కల కన్నయ్య ఒక్కడే.

అంతా బాగానే ఉంది. మరి వాసనో? అబ్బో, ఆ వాసన సంగతి అడగకండి. పంది కొవ్వు పాతబడిన కొద్దీ ముక్కుపుటాలు అదరగొట్టేది. కుంకుడుకాయ పెట్టి తోమినా, బూడిద పెట్టి తోమినా గోళ్ళలోంచి పోయేది కాదు. పైగా చచ్చిన జంతువు నరం, తోలు జిగురు. కాపుబిడ్డ చెయ్యదగిన పనేనా అని కన్నయ్య లోపల్లోపల కుమిలిపోయేవాడు. తెలుగువాళ్ళెవరైనా పాకలోకి వస్తే కొవ్వు మూకుడు గోనె కింద తోసేసి, విల్లు వీపు చూపించి "నారండి, అడివి నార" అనేవాడు.

"నార అంతావేటి? నరమని సెప్తే నీ నోరు పడిపోతాదా?" అనేది పుణ్యవతి.

"నీకు తెల్దు, ఊరుకో."

"నాకు తెలీకేటి, నీ పంచెలుతికేది నానే కదా. ఆ కొవ్వే మనకి కూడెడతంది."

ఆవిడకి లేని సిగ్గు ఇతనికి ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పుణ్యవతి తమ్ముడు ఢిల్లీశ్వరరావుకి రాయగడలో గూడ్సు షెడ్డు గుమస్తాగా ఉద్యోగమయింది. మరి రెండేళ్ళకి గుణుపురంలో పెళ్ళి. కన్నయ్య వారం ముందు నుంచే కొవ్వు ముట్టుకోకుండా, పూటపూటా ఒళ్ళు తోముకుని వెళ్ళాడు. భోజనాల బంతిలో కూర్చున్నాడు. ఆకుల్లో పప్పు పడింది. పుణ్యవతి పినతల్లి అమ్మన్నమ్మ నెయ్యి వడ్డించుకుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది. ముక్కు చిట్లించింది.

"ఇదేటర్రా, సెప్పులు కుట్టినోడి కంపొస్తంది. బంతిలో ఎవుల్ని కూకోబెట్టేరు?" అంది.

చెప్పులు కుట్టేవాడు లేకపోతే ఆవిడ ముళ్ళబాటల్లో ఎలా నడిచేదో మరి. ఆవిడ కన్నయ్యని చూసి అందో, తెలియకే అందో. బంతిలో నవ్వులు పడ్డాయి. అటుపక్కాయన, ఇటుపక్కాయన ఆకులతో సహా కొంచెం జరిగారు. కన్నయ్య చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాడు. కడుపులో నొప్పి అని చెప్పి ఎడంచేత్తో కడుపు పట్టుకుని ఆకు ముందు నుంచి లేచిపోయాడు. పెళ్ళికొడుకు చూశాడు, చూసి తల తిప్పుకున్నాడు. పెరట్లో అరటిచెట్ల వెనక నిలబడి కన్నయ్య తన అరచేతులు వాసన చూసుకున్నాడు. ఏమీ రావడం లేదనిపించింది. ఆ తరవాత వస్తోందనిపించింది.

తిరుగు దారిలో రాయగడలో దిగి రామలింగం కొట్టుకి వెళ్ళాడు. మేకులు, రంగులు, తాళ్ళు అమ్మే కొట్టు అది. గుమ్మంలో తళతళలాడే కుర్చీ ఒకటి ఉంది, మొహం కనపడేటంత నున్నగా ఉంది. దానికేం పూశారని అడిగాడు.

"సపడా లక్కండి. స్పిరిట్లో నానబెట్టి గుడ్డతో రుద్దడవే. కుర్సీ, బల్ల, బీరువా, దేనికైనా పుయ్యొచ్చు. మీకు దేనికి కావాలేటి?" అన్నాడు రామలింగం.

విల్లుకి పనికొస్తుందా అని కన్నయ్య అడగాలి. అడిగితే ఆయన తెలిసింది చెప్పేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. కానీ విల్లు అంటే వీపున ఏముందంటాడు, నరం అంటే మళ్ళీ మొహం చిట్లిస్తాడేమో. "పెట్టిలకండి, బట్టల పెట్టిలకి" అన్నాడు. చపడా, స్పిరిట్టు సీసా కొనుక్కుని బస్సెక్కాడు.

ఇంటికొచ్చి ఊరికే కూర్చున్నాడా అంటే లేదు, అన్నీ పరీక్ష చేశాడు. పనివాడు పనివాడే. నాలుగు ముక్కలకి నరం అతికి, ఒకదానికి ఆముదం పట్టించాడు, అది ఎన్నాళ్ళకీ ఆరక దుమ్మంతా పట్టింది. ఒకదానికి ఇప్పనూనె రాశాడు, చీమలు బారులు తీరాయి. మూడోదానికి రోడ్డు పనివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన తారు పూస్తే ఎండకి చేతికంటుకుంది. నాలుగోదానికి చపడా. అది ఆరాక పండిన ఈతపండు రంగు తిరిగి, లోపలున్నది నరమో నారో మనిషన్నవాడికి తెలియకుండా మెరిసింది. వాసన లేదు. కన్నయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

తరవాత దాన్ని వంచి చూశాడు. లక్క మీద అడ్డంగా సన్నటి గీతలు పడ్డాయి. మళ్ళీ వంచాడు, ఇంకొన్ని. వంగనిదేదీ పుయ్యకు అన్న మాట గుర్తు రాకపోవడమేమిటి, వచ్చింది. గుడ్డ ముంచి పైన మరో పూత వేశాడు. గీతలు కనపడలేదు. కనపడకపోతే చాలనుకున్నాడు.

చాలానే అయింది మొదట్లో. ఎవరో ఆఫీసరు సంతకి వచ్చి మెరిసే విల్లు చూసి ముచ్చటపడి గోడకి తగిలించుకుంటానని కొనుక్కున్నాడు. ఆయన చూసి ఇంకొకరు. గోడకి వేలాడే విల్లు వంగదు, తడవదు. ఏ పూతైతే ఏం? పాకలో కంపు పోయింది. ఢిల్లీశ్వరరావు కొత్త పెళ్ళాన్ని తీసుకుని అక్కని చూడ్డానికి వచ్చాడు. మెరిసే విల్లులు చేత్తో తడిమి, "ఇది పనంటే. ఇప్పుడు మా బావని నలుగురికీ సెప్పుకోవచ్చు" అన్నాడు. కన్నయ్య ఛాతీ ఇంత అయింది. ఒక గుమస్తా మాటకి పొంగిపోయాడంటే నవ్వొస్తుంది గానీ, ఆ బంతిలోంచి లేచివచ్చినవాడికి ఆ మాట ఎంత అవసరమో నాకు తెలుసు.

బావమరిది ఇంట్లో ఉండగానే సుక్రు వచ్చాడు. చైత పరబ్ పండగ దగ్గర పడింది. చైత్రమాసంలో పరజా ఊళ్ళల్లో మగవాళ్ళందరూ కలిసి అడవికి వేటకి పోతారు. వేట దొరికితే తప్పెట్లతో ఎదురెళ్ళి తీసుకొస్తారు. ఉత్తచేతులతో వస్తే ఊరిబయట ఆడవాళ్ళు దారికడ్డం నిలబడి పేడనీళ్ళు పోసి, నోటికొచ్చిన తిట్లు తిడతారు. అది ఆటే, నవ్వులాటే. కానీ సుక్రుకి ఆ ఏడు ఆట కాదు.

"పోయినేడూ ఉత్తచేతులే, అంతకు ముందేడూ ఉత్తచేతులే మీతా" అన్నాడు సుక్రు, పాక బయటే గొంతుక్కూర్చుని. "ఈయేడు కూడా అలాగొస్తే నన్నింక పిలవరు. ముసిలోళ్ళతో ఊళ్ళో ఉండిపొమ్మంతారు. మా అయ్య కట్టినట్టు ఒక విల్లు కట్టియ్యి. కొవ్వు బాగా పట్టించు, వానొచ్చినా రావొచ్చు."

కన్నయ్య విల్లు కట్టాడు. జాన కర్ర ఏరి ఏరి తెచ్చాడు, నరం దగ్గరుండి దంచాడు. అంత మంచి విల్లు అతను అంతకుముందు కట్టలేదు. పూత దగ్గరికి వచ్చేసరికి లోపల బావమరిది కొత్త పెళ్ళాం పూలు కట్టుకుంటోంది. మూకుడు పొయ్యి మీద పెడితే ఆ పిల్ల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. గుణుపురం వెళ్ళి చెప్తుంది. మళ్ళీ బంతిలో జరుగుతారు. కన్నయ్య చపడా సీసా మూత తీశాడు.

సుక్రు వచ్చి విల్లు అందుకుని చూశాడు. మెరుస్తున్న వీపు మీద బొటనవేలు రాశాడు.

"కొవ్వు?" అన్నాడు.

"కిందన పట్టించేను మీతా. పైన లక్క, అందానికి" అన్నాడు కన్నయ్య.

కొవ్వు మీద లక్క అంటదు. ఆ సంగతి చెప్పినవాడికి తెలుసు. సుక్రు ఇంకేమీ అడగలేదు. విల్లుని రెండు చేతులతో తీసుకుని వెళ్ళిపోయాడు.

వేటగాళ్ళు అడవిలో ఉండగా గాలివాన పట్టుకుంది. టికిరిలో మామిడి పిందెలు నేలంతా రాలాయి. పాక చూరు కింద నిలబడి కన్నయ్య ఆ వాన చూస్తున్నంతసేపూ లోపలికి రమ్మని పుణ్యవతి పిలుస్తూనే ఉంది. అతను రాలేదు. 

వేట తిరిగివచ్చే రోజున మీతగాడిగా అతన్ని ఊళ్ళోకి పిలిచారు. వెళ్ళక తప్పలేదు. ఆడవాళ్ళు కుండలు పెట్టుకుని దారి మొదట్లో కాచుకున్నారు. ముందు కుర్రవాళ్ళు అడవిపందిని కావడి కట్టుకుని కేకలతో వచ్చారు. ఒక గొర్రెజింక వచ్చింది. అందరికంటే వెనక సుక్రు ఒక్కడూ వచ్చాడు. చేతులు ఖాళీ. విల్లు చేతిలో లేదు. భుజాన తుండుగుడ్డలో చుట్టిన పొట్టి మూట ఉంది.

అతని పెళ్ళామే మొదటి కుండ ఎత్తింది, అదే రివాజు. పేడనీళ్ళు తల మీంచి కారుతుంటే సుక్రు నవ్వుతూ నిలబడ్డాడు. మగవాళ్ళలో ఒకడు, "దగ్గిరికొచ్చిన కణుజుని వదిలేసేడు. బాణం కాళ్ళ దగ్గిర పడింది" అన్నాడు.

"సెయ్యి వణికింది" అన్నాడు సుక్రు. "నాకు వయసైపోనాది."

తుండుగుడ్డ తడిసి ఒక పక్క జారింది. కన్నయ్యకి కనపడింది. విల్లు వీపు మీంచి నరం పొరలుపొరలుగా లేచిపోయి వేలాడుతోంది, ఎర్రటి లక్క పెచ్చులు అక్కడక్కడ అంటుకుని ఉన్నాయి. సుక్రు గబుక్కున గుడ్డ సర్దాడు. ఎవరూ చూడకుండా సర్దాడు. మీత కట్టిన విల్లు విడిపోయిందని ఊరికి తెలియకూడదని.

వణికింది సుక్రు చెయ్యి కాదు, తప్పు నాది అని కన్నయ్య ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. చుట్టూ అంతమంది ఉన్నారు.  వాళ్ళు పెట్టిన కల్లు తాగాడు, వేటమాంసం తిన్నాడు, ఇంటికొచ్చి పడుకున్నాడు. ఇంతకంటే ఏం చెప్పను? ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా, ఆ రోజు అతన్ని వెనకేసుకు రాలేను.

మరుసటి చైత్రానికి సుక్రుని పిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు, కేక వెయ్యలేదంతే. వేటకి పోయేవాళ్ళు అతని గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళారు. అతను ముసలివాళ్ళతో అరుగు మీద కూర్చుని వెదురు బద్దలు చీరుకున్నాడు. తల నెరవలేదు, పళ్ళూడలేదు.

కన్నయ్య చపడా సీసా పారబోశాడు. కొవ్వు మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది, ఈసారి వాకిట్లో, అందరూ నడిచే చోట. ఢిల్లీశ్వరరావు రాకపోకలు తగ్గాయి. తగ్గితే తగ్గాయి అన్నాడు కన్నయ్య. పుణ్యవతి విస్తుపోయింది. కానీ అతని సిగ్గు ఎక్కడికీ పోలేదు. ఇదివరకు పదిమంది ముందూ పడేవాడు, ఇప్పుడు ఒక్కడి ముందే పడేవాడు. సంతకి పోతూ సుక్రు "మీతా" అని పిలిస్తే చాలు, చేతిలో బాడిసె దెబ్బ తప్పేది. కొవ్వు పట్టించిన కొత్త విల్లు పట్టుకెళ్ళి ఇచ్చాడు. సుక్రు తీసుకుని చూరులో దోపుకున్నాడు. అది ఎన్నడూ కిందికి దిగలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. పుణ్యవతి కాలం చేసింది. పంతొమ్మిదివందల డెబ్భై ఒకటో, డెబ్భై రెండో, ఒక చైత పరబ్ నాడు ఇద్దరూ ముసలివాళ్ళ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇప్పుడు నిజంగానే ముసలివాళ్ళే. వేట ఇంకా తిరిగి రాలేదు. కన్నయ్య మోకాళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"మీతా. ఆ విల్లుకి కొవ్వు పుయ్యలేదు. అబద్దమాడేను."

సుక్రు బద్ద చీరడం ఆపలేదు. "తెలుసు."

"నరం లేచిపోయేక తెలిసిందా?"

"నువ్విచ్చిన నాడే తెలిసింది. దానికి వాసన్నేదు కదా. మా అయ్య విల్లుల మధ్య పుట్టినోణ్ణి, నాకు ముక్కు నేదేటి?"

కన్నయ్య తల ఎత్తాడు. "తెలిసీ ఎందుకట్టుకెల్లేవు?"

"ఇంట్లో మీ సుట్టాలున్నారు. కొవ్వు కాగబెట్టడానికి నీకు సిగ్గేసింది. నానింకో మాటడిగితే నిజం నీ నోటమ్మట సెప్పించినట్టవుతాది, మీవోళ్ళ ముందర" అన్నాడు సుక్రు. "వాన రాదనుకున్నాను. వచ్చింది."

అంతే అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని కన్నయ్య ప్రాణం కొట్టుకుంది. తన పరువు కాపాడటానికి ఈ మనిషి తెలిసి తెలిసి వేటలో చోటు పోగొట్టుకున్నాడు. బంతిలో పక్కవాళ్ళు జరిగినందుకే తను ఇన్నేళ్ళు ఏడిచాడు. ఛీ అనిపించింది, తన బతుకు మీద తనకే.

లేచి ఊరి మొదటికి నడిచాడు. ఆడవాళ్ళు కుండలతో దారికడ్డం నిలబడి ఉన్నారు. వాళ్ళలో సుక్రు పెళ్ళాం, తల పండిపోయినా మానలేదు. కన్నయ్య ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"మీతాణీ, ఆ కుండ నా మీద పొయ్యి" అన్నాడు. "ఆయేడు మీత మీద పోసింది నాకు పడవలిసింది. ఆ విల్లు సెడగొట్టింది నానే. అందరూ వినండి."

ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కొందరికి నవ్వొచ్చింది. మీతాణి మాత్రం నవ్వలేదు. కుండని నడుము మీద అటువైపు మార్చుకుంది.

"ఇది అడివికెల్లినోళ్ళకే మీతా" అంది. "ఎల్లి, దెబ్బేసి, ఉత్తసేతుల్తో వచ్చినోళ్ళకి. నువ్వు ఎల్లలేదు కదా."

"ఒక్కసారి పొయ్యి."

"కుదరదు. పక్కకి తప్పుకో, నీ బట్టల మీద పడతాది."

అడవి వైపు నుంచి కేకలు వినిపించాయి. వేట వస్తోంది. ఆడవాళ్ళు నవ్వుతూ కుండలు సర్దుకుని ముందుకు కదిలారు. కన్నయ్య పక్కకి తప్పుకున్నాడు. ఉత్తచేతులతో వచ్చిన ముగ్గురు కుర్రవాళ్ళ మీద పేడనీళ్ళు పడ్డాయి. తిట్లు తింటూ, చిందులు వేస్తూ, ఆ నీళ్ళు వాళ్ళ మీద వీళ్ళ మీద జల్లుతూ వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. అరుగు దాకా వచ్చి, ముసలివాళ్ళున్నారని జాగ్రత్తగా ఒక వారగా నడిచి పోయారు. సుక్రు బద్ద పక్కన పెట్టి, వాళ్ళు కనపడినంత దూరమూ వాళ్ళనే చూశాడు. అతని మీద ఒక్క చుక్క కూడా పడలేదు. ఆ గాలివాన పట్టిన ఏడు తరవాత మళ్ళీ ఎన్నడూ పడలేదు.